ఎడమవైపు సీటు

హాకా, అరగాన్ కొండలు
9 అక్టోబరు 1993

ఫెన్నా,

కొండలు దాటేశాం. ఫ్రాన్సు వైపంతా ముసురు. కనుమ మీదికి రాగానే ఎవరో తెర పక్కకు లాగినట్టు ఎండ వచ్చింది. ఇప్పుడు స్పెయిన్‌లో ఉన్నాం. మోటార్‌హోమ్, అదే మా చక్రాల ఇల్లు, దాని మెట్టు మీద కూర్చుని, కాళ్ళు ఎండలో పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రిటైరైతే దక్షిణానికి తీసుకెళతానని మీ అన్నయ్య ఎన్నేళ్ళుగా అంటున్నాడో నీకూ తెలుసు. నేను నమ్మడం ఎప్పుడో మానేశాను. తీరా చూస్తే మాట నిలబెట్టుకున్నాడు. బతుకంతా మన హార్లింగెన్ రేవు నుంచి దీవికి ఫెర్రీ నడిపిన మనిషి కదా, కొండ రోడ్డు మీద కూడా ఓడ నడిపినట్టే నడుపుతాడు. మలుపుకు ముందు హారన్ కొట్టి, అద్దంలో చూసి, తనలో తను ఏదో గొణుక్కుని, అప్పుడు చక్రం తిప్పుతాడు. నేను పక్కసీట్లో మ్యాపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. ఈ మధ్య ఒకే ఊళ్ళోంచి మూడుసార్లు వెళ్ళాం. తప్పు నాదేనట.

నిన్న కొండ మీద బీచి అనే చెట్ల అడవిలో నడిచాం. ఆకులన్నీ రాగి రంగుకు తిరిగాయి. పైన రాబందులు, రెక్క కదపకుండా తిరుగుతున్నాయి. సీబ్రన్ వాటిని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. నేను రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదు. వయసు చెవుల మీదికి వచ్చినట్టుంది.

పిల్లికి ఎక్కువ పాలు పోయకు. తర్వాతి ఉత్తరం లాస్ నెగ్రాస్ పోస్టాఫీసుకు, నా పేరున రాసి ఉంచమను. మేం వెళ్ళి తీసుకుంటాం.

నీ వదిన
రెన్స్కె

ఫెన్నీ, గాలి వాయవ్యం నుంచి, మెత్తగా ఉంది. మీ వదిన మ్యాపు తలకిందులుగా పట్టుకుంటోంది. నేనేం అనడం లేదు. — సీబ్రన్


హార్లింగెన్
28 అక్టోబరు

వదినా,

నువ్వు అడవిలో నడిచావా? రొట్టెల కొట్టుకు కూడా సైకిలు మీద వెళ్ళే మనిషివి. స్పెయిన్ నీళ్ళలో ఏదో ఉంది.

ఇక్కడ వాన. రేవు మీద కుర్చీలన్నీ లోపల పెట్టేశారు. పొద్దున్నే ఫెర్రీ కూత వినబడగానే మీ పిల్లి తలెత్తి తలుపు వైపు చూస్తుంది. తర్వాత మళ్ళీ అన్నయ్య పాత కోటు మీద పడుకుంటుంది. నేను ఉన్ని కొట్టు శనివారాలు మాత్రమే తెరుస్తున్నాను. తుంటి నొప్పి తగ్గలేదు. ఒంటిమనిషికి ఎంత కావాలి చెప్పు.

అన్నయ్య బాగా నిద్రపోతున్నాడా? రోజూ ఎక్కువ దూరం నడపనివ్వకు. మధ్యమధ్యలో నువ్వు కూడా నడిపి చూడరాదూ? లైసెన్సు ఉందిగా. పెట్టెలో పెట్టి పూజ చేయడానికా తెచ్చుకున్నావు?

తిండి సంగతి రాయి. చిన్నవైనా సరే, జరిగినవన్నీ రాయి.

నీ
ఫెన్నా


లాస్ నెగ్రాస్, సముద్రపు ఒడ్డు
24 నవంబరు

ఫెన్నా,

నేను నడపడమా? పెళ్ళైన కొత్తలో మీ నాన్న కారును కాలువ గట్టు మీంచి ఎక్కడ దించానో గుర్తుందా? బాతులు ఇంకా చెప్పుకుంటూ ఉంటాయి. ఆ రోజుతో స్టీరింగుకు దండం పెట్టేశాను.

ఇక్కడ నేల నల్లగా, కొండలు కాలిపోయిన రొట్టెల్లా ఉంటాయి. వాటి కింద సముద్రం మాత్రం ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్నంత నీలం. ఒడ్డునే బండ్లు నిలుపుకుంటాం. మా పక్కన హానోవర్ నుంచి వచ్చిన దంపతులు, డెట్లెఫ్, ఊటె. మొదటి వారం రోజూ కాఫీకి పిలిచారు. సీబ్రన్ వాళ్ళకు తుఫానులో ఫెర్రీని వెనక్కి తిప్పిన కథ చెప్పాడు. వాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు. మరుసటి రోజు కూడా అదే కథ చెప్పాడు. ఆ మరుసటి రోజు ఊటె గిన్నెలు కడగాలని లేచిపోయింది. ఇప్పుడు బండిని ఒడ్డుకు ఆ చివరన పెట్టుకున్నారు. అక్కడ గాలి తక్కువట.

మేమిద్దరం కొండ అంచున కాలిబాట పట్టుకుని శాన్ పెద్రో అనే చిన్న ఇసుక తీరానికి నడిచాం. రానూ పోనూ మధ్యాహ్నమంతా పట్టింది. దారిలో ఒక్క మనిషి కనబడలేదు. నాకు భయం వేసింది, ఎందుకో చెప్పలేను. ముందు తను, వెనక నేను. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని అనుకుంటూ నడిచాను.

బండి వెడల్పు రెండు మీటర్లు కూడా ఉండదు. చెయ్యి చాపితే తను తగులుతాడు. అయినా ఒక్కోరోజు సాయంత్రానికి నేను ఎవరితోనూ మాట్లాడలేదని గుర్తొస్తుంది. దీనికి ఏమీ అనుకోకు. సముద్రం మనిషిని ఇలా చేస్తుందని తనే అంటుండేవాడు.

సీబ్రన్ కునుకు తీస్తున్నాడు. అందుకే ఈసారి రాయలేదు.

రెన్స్కె


హార్లింగెన్
14 డిసెంబరు

వదినా,

నీ కార్డులు రెండూ అందాయి. ఫ్లెమింగోలు ఉన్నది గోడకు అంటించాను.

ఒక్కటి అడుగుతాను. ఉత్తరంలోనూ కార్డుల్లోనూ కూడా అన్నయ్య అక్షరం లేదు. ఒకసారి కునుకు, ఒకసారి చేపలు పట్టడం, ఒకసారి కళ్ళజోడు దొరకలేదు. వాడు మిలిటరీలో ఉన్నప్పుడు కూడా నాకు గాలి సంగతి రాయకుండా ఉత్తరం మూయలేదు.

నన్ను చిన్నపిల్లలా చూడకు. ఏం జరిగిందో రాయి.

ఫెన్నా


ట్రెవేలెస్, సియెర్రా నెవాదా
11 జనవరి 1994

ఫెన్నా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. కూర్చుని చదువు.

క్రిస్మస్‌కు ముందు సముద్రం వదిలి కొండల్లోకి బయలుదేరాం. ఓర్హివా దాటాక రోడ్డుకు ఒకవైపు కొండ, ఇంకోవైపు ఏమీ ఉండదు. ఒక మలుపు సరిగ్గా మధ్యలో సీబ్రన్ బండి ఆపేశాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. తల వంచి తన పాదాల కిందున్న క్లచ్చి, బ్రేకుల వైపు చూస్తున్నాడు.

“ఏమైంది?” అన్నాను.

“వీటిలో ఏది దేనికి?” అన్నాడు.

హాస్యమాడుతున్నాడనుకున్నాను. మొహం చూశాక తెలిసింది. నుదుటి మీద చెమట. నలభై ఏళ్ళుగా ఎరిగిన మొహం మీద, బడిలో పాఠం అప్పజెప్పలేని పిల్లవాడి భయం.

వెనక నారింజపళ్ళ లారీ హారన్ మోగించింది. డ్రైవరు దిగి కిటికీ దగ్గరికి వచ్చాడు. “ఏం పెద్దాయనా, ఇక్కడే కాపురం పెడతావా?” అన్నాడు. సీబ్రన్ అతనికి మర్యాదగా టోపీ తీశాడు.

“లే, నేను నడిపి చూస్తాను,” అన్నాను.

“సరే,” అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు, ఫెన్నా. తను కాదంటాడని, గొడవ పడతాడని, నవ్వుతాడని చూశాను. లేచి కుడివైపు సీట్లో కూర్చుని మ్యాపు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఎడమవైపు, స్టీరింగు ముందు నేను కూర్చున్నాను. బ్రేకు వదలగానే బండి లోయ వైపు వెనక్కి జారింది. లారీ డ్రైవరు సిగరెట్టు పారేసి చక్రం వెనక రాయి పెట్టాడు. నా పక్కన నడుస్తూ, “మెల్లగా అమ్మా. క్లచ్చి మొత్తం వదలకు. చెవితో విను, ఇంజను అడుగుతుంది. ఆఁ, ఇప్పుడు,” అంటూ మలుపు దాటించాడు. తర్వాత తన లారీని నా వెనకే తాబేలులా నడిపిస్తూ ఊరిదాకా వచ్చాడు. ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. దారంతా మొదటి గేరులోనే ఎక్కాను.

అది ఒకటి. రెండోది పోయిన వారం జరిగింది.

ఇక్కడ కొండ చుట్టూ సాగునీటి కాలువ, దాని పక్కన కాలిబాట ఉంటాయి. సీబ్రన్ పొద్దున్న అటు నడిచి వస్తానన్నాడు. నేను బట్టలు ఉతుక్కుంటూ సరేనన్నాను. సూపు కాచి పెట్టాను, చల్లారిపోయింది. బాట చివరిదాకా వెళ్ళి చూశాను. లేడు. కేకలు వేశాను. మంచు లోయలోంచి పైకి లేస్తోంది.

మేం బండి నిలిపిన చోటికి పైనే ఎన్‌కార్నా అనే ముసలావిడ ఇల్లు. నా స్పానిష్ ఆవిడకు అర్థమైందో లేదో గాని, మొహం అర్థమైంది. పొయ్యి మీది కుండను కోడలికి అప్పజెప్పి, శాలువా కప్పుకుని బయటికి వచ్చేసింది. “ఏడవకు. ఏడిస్తే రాళ్ళు కనబడవు,” అని గదిమింది. ప్రతి వాకిట్లోనూ అడుగుతూ మేం ఊరి కిందికి దిగాం.

పాత కళ్ళం అంచున, రాతి పలకల మీద నిలబడి ఉన్నాడు. కాలరు పైకెత్తుకుని, చేతులు వెనక కట్టుకుని. కింద లోయ కనబడదు. మంచు అంచుల దాకా నిండి సముద్రంలా ఉంది.

నేను చెయ్యి పట్టుకున్నాను. నా వైపు తిరగకుండానే, “దీవి కనబడటం లేదు. ఈ మంచులో నేను ఫెర్రీ వదలను. జనం కోప్పడితే కోప్పడనీ,” అన్నాడు.

ఎన్‌కార్నా ఏమంటున్నాడని అడిగింది. చెప్పాను. ఆవిడ నవ్వలేదు, శిలువ గీసుకోలేదు. కాసేపు లోయలోకి చూసింది.

“సరిగానే చెప్పాడు. ఈ మంచులో ఎవరు వదులుతారు? విడిచేదాకా మా ఇంట్లో సూపు తాగమను,” అంది. తన కర్ర సీబ్రన్ చేతిలో పెట్టి, రెండో చెయ్యి తను పట్టుకుని పైకి నడిపించింది. కన్నతల్లి మాట విన్నట్టు విన్నాడు.

ఇది ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. గ్యాస్ కట్టేయడం మర్చిపోయినప్పుడా, నన్ను ఒకసారి నీ పేరు పెట్టి పిలిచినప్పుడా. నీకు రాస్తే భయపడతావని రాయలేదు. అంతకంటే, రాస్తే నిజమవుతుందని రాయలేదు.

ఈ బండిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను ఫెన్నా. ఏం చేయాలో చెప్పు.

రెన్స్కె


హార్లింగెన్
22 జనవరి

వదినా,

ఎలా చెప్పినా నీకు కోపం వస్తుంది. అందుకని నేరుగా చెబుతున్నాను.

నాకు తెలుసు. ఆగస్టులో అన్నయ్య మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగలేదు. లేవార్డెన్‌లో డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళి వచ్చానన్నాడు. మతిమరుపు జబ్బని, మెల్లగా ముదురుతుందని, మందు లేదని చెప్పారట. “దానికి చెప్పకు. చెబితే బండి ఎక్కదు. నేనిచ్చిన మాట ఒక్కటుంది, అది తీర్చుకోనీ,” అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు.

నేను ఒట్టు వేశాను. ఇంత త్వరగా ముదురుతుందనుకోలేదు. అందుకే ఎక్కువ దూరం నడపనివ్వకు అని రాశాను. అంతకంటే రాయలేకపోయాను.

మీరు ఇంటికి వచ్చేయండి. విమానంలో వచ్చేయండి. బండిని ఎవరైనా తెస్తారు.

ఫెన్నా


ట్రెవేలెస్
3 ఫిబ్రవరి

ఫెన్నా,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను.

ఆ మలుపు దగ్గర నేను కిటికీలోంచి కిందికి చూశాను. లోయ అడుగున ఏటి ఒడ్డున ఎవరిదో కారు తుప్పు పట్టి పడి ఉంది. సెప్టెంబరు నుంచి తను నడుపుతుంటే పక్కసీట్లో కూర్చున్నాను. మీ అన్నాచెల్లెళ్ళిద్దరికీ తెలుసు. నాకు మాత్రం మ్యాపు ఇచ్చారు. ఊరు తప్పిన ప్రతిసారీ నాదే తప్పని ఒప్పుకున్నాను కూడా.

నలభై ఏళ్ళు ఆ ఇంట్లో కాపురం చేశాను. మీ అమ్మను నేనే సాగనంపాను. అయినా అసలు విషయం వచ్చేసరికి మీరూ మీరూ ఒకటి.

కొన్నాళ్ళు రాయకు.

రెన్స్కె


హార్లింగెన్
20 ఫిబ్రవరి

వదినా,

రాయకన్నావు. రాస్తున్నాను. చదవకపోయినా ఫర్వాలేదు.

రేవులో నీళ్ళు గడ్డకట్టాయి. ఫెర్రీ మంచును పగలగొట్టుకుంటూ వెళుతోంది, ఆ చప్పుడు మా వంటింటి దాకా వస్తుంది. చిన్నప్పుడు ఇలాంటి రోజుల్లో అన్నయ్య నా స్కేట్ల తోలు పట్టీలు బిగించి గడ్డకట్టిన కాలువ మీదికి తోసేవాడు. వదిలేసే ముందు ఎప్పుడూ చెప్పేవాడు కాదు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి ఎక్కడో దూరంగా నిలబడి ఉండేవాడు.

నీ కోపం న్యాయమే. నేను సమర్థించుకోవడం లేదు. కానీ ఆ రోజు వాడన్న ఇంకో మాట నీకు చెప్పకుండా ఉండలేను. ఎందుకు దాస్తున్నావురా అని అడిగాను. “తెలిసిన రోజు నుంచి అది నన్ను రోగిలా చూస్తుంది. మంచి నర్సు అవుతుంది, నాకు తెలుసు. ఒక్క చలికాలం నాకు భార్య కావాలి, ఫెన్నీ,” అన్నాడు.

అది విన్నాకే ఒట్టు వేశాను. దానికి జవాబు నీ దగ్గర ఉంటుందేమో.

మీ ఇంట్లో రోజూ కాసేపు కూర్చుని వస్తున్నాను. మొక్కలకు నీళ్ళు పోయడానికని అంటాను. అడిగేవాళ్ళు ఎవరున్నారు గనక.

నన్ను రమ్మంటే వస్తాను. తుంటి ఉంటే ఉండనీ. ఒక్కదానివే ఉండకు.

ఫెన్నా


అల్కోతిమ్, పోర్చుగల్
19 మార్చి

ఫెన్నా,

నీ ఉత్తరాన్ని ఎన్‌కార్నా తన పెట్టెలో దాచి, మేం బయలుదేరే రోజు ఇచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదంటే, “మొదటిది పొయ్యిలో పెట్టావుగా. ఇది కూడా కాలుస్తావని,” అంది.

కోపం పోయిందని రాయను. పొద్దున లేవగానే ఉంటుంది. కానీ ఆ కోపాన్ని చెప్పుకోవడానికి కూడా నువ్వు తప్ప నాకెవరూ లేరని ఈ దారి నేర్పింది.

ఎన్‌కార్నా నాతో కొండల మీద కూరకు అడవి ఆస్పరాగస్ కాడలు ఏరించింది. సీబ్రన్‌కు బుట్ట మోసే పని ఇచ్చింది. “ఓయ్ కెప్టెన్, కింద పడెయ్యకు, నీ రాత్రి భోజనం అదే,” అంటూ తన వెంట పడేది. ఆ రోజుల్లో తను బాగా తిన్నాడు. మేం వచ్చేస్తుంటే ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు తన్ని చూసి, నన్ను స్టీరింగు ఉన్న ఎడమవైపు సీట్లోకి ఎక్కించింది.

అక్కణ్ణుంచి నేనే నడుపుతున్నాను. ఇప్పుడు మూడో గేరు వస్తుంది. సెవియ్యా బయట లారీలు నన్ను తిడుతూ దాటిపోయాయి. నేనూ తిట్టాను, మన ఫ్రీసియన్ భాషలో. సీబ్రన్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వినడానికి ఇంకో నగరం చుట్టూ తిరిగి వద్దామా అనిపించింది.

విమానంలో రాను. తనకు కిటికీలోంచి ఏదో ఒకటి కదులుతూ ఉండాలి. ఆగితేనే భయపడతాడు. మెల్లగా ఉత్తరానికి వస్తాం. నువ్వు ఏప్రిల్‌లో రైల్లో బోర్డోకు రా. అక్కడ నిన్ను ఎక్కించుకుంటాను. నీకు వెనక మంచం. తుంటికి మెత్తగానే ఉంటుంది. ఒక్కటి ముందే చెబుతున్నాను. నిన్ను పోల్చుకుంటాడని నేను మాట ఇవ్వలేను. పోల్చుకోకపోతే ఏడవడానికి బండి వెనక్కి వెళ్ళు, తన ముందు వద్దు.

నేను నేర్చుకున్నది అదే. పూర్తిగా నేర్చుకున్నది ఇవాళే.

ఇక్కడ గ్వాదియానా నది. అవతలి గట్టున స్పెయిన్ ఊరు, ఇవతల మేము. కొండల నిండా తెల్లటి అడవిపూలు, చెట్ల మీద కొంగలు. ఇవాళ పొద్దున్న నది వెంట చాలాదూరం నడిచాం. మధ్యాహ్నం చేపలు వేయించాను, బయటే కుర్చీలు వేసుకుని తిన్నాం. తిన్నాక తను ప్లేటు పక్కన పెట్టి, చేతిగుడ్డ మడిచి, నా వైపు తిరిగాడు.

“మీరు ఏ ఊరివారు?” అన్నాడు.

మీరు అన్నాడు, ఫెన్నా. టికెట్టు చేత్తో పట్టుకుని డెక్కు మీద నిలబడ్డ పెద్దింటి ఆడవాళ్ళతో మాట్లాడేటప్పటి గొంతు.

“హార్లింగెన్,” అన్నాను.

“అలాగా. మాదీ అక్కడే. మీరు చాలా జాగ్రత్తగా నడుపుతారు. ఎవరు నేర్పారు?”

“ఒక నారింజపళ్ళ లారీ డ్రైవరు.”

అది నచ్చింది. కాసేపు నవ్వుకున్నాడు. తర్వాత నది వైపు చూస్తూ, “మా ఆవిడ కూడా వచ్చి ఉంటే బాగుండేది. ఆవిడను ఇలాంటి చోటికి తీసుకురావాలని ఉండేది,” అన్నాడు.

 నేనే రెన్స్కెను, ఇదిగో వచ్చాను, నువ్వే తీసుకొచ్చావు అని అరవాలనిపించింది. ఒకసారి అలా చేశాను, ట్రెవేలెస్‌లో. అప్పుడు తను భయంతో మూలకు ఒదిగి కూర్చున్నాడు. అందుకని, “ఆవిడ ఎలా ఉంటుంది?” అని అడిగాను.

మడిచిన చేతిగుడ్డ విప్పి మళ్ళీ మడిచాడు.

“ఎక్కువ మాట్లాడదు. నేనూ మాట్లాడను. మా వంటింటి కిటికీ రేవు వైపు ఉంటుంది. చలికాలం సాయంత్రాలు ఫెర్రీ రేవు కాలువలోకి తిరిగేటప్పుడు, దీపస్తంభం కంటే ముందు నేను ఆ కిటికీ వెలుగు చూసేవాణ్ణి. అది కనబడితే ఇక రేవు చేరినట్టే. ఈ సంగతి తనకెప్పుడూ చెప్పలేదు. ఎలా చెబుతారండీ అలాంటివి?”

నలభై ఏళ్ళు, ఫెన్నా. ఆ కిటికీ దగ్గర బంగాళాదుంపలు చెక్కుతూ, ఈ మనిషికి ఇల్లు గుర్తుంటుందా అనుకునేదాన్ని.

“నేను ఊరు వెళ్ళాక ఆవిడకు చెబుతాను,” అన్నాను.

“చెప్పండి. తప్పుగా అనుకోదు, మంచి మనిషి,” అన్నాడు.

 ఎండ నీళ్ళ మీంచి మా కాళ్ళ దాకా వచ్చింది. తను లేచి, బండి మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. రెండూ జతగా పక్కన పెట్టాడు. లోపలికి వెళ్ళబోతూ ఆగాడు.

“రేపు కూడా మీరే నడుపుతారా?”

“నేనే.”

“అయితే కాసేపు పడుకుంటాను,” అన్నాడు.

పడుకున్నాడు. నిద్రపోతున్నాడు.

రెన్స్కె